ఆవకాయ సీసా కంటే తేలిక: దూరం వెళ్లే మనిషికి ఫొటో పుస్తకం ఎలా చేయాలి

మా ఆవిడ పోయిన ఏడాది సెప్టెంబరులో పైచదువు కోసం జర్మనీ వెళ్లింది. రెండేళ్ల కోర్సు. బయలుదేరే ముందు నెల రోజుల పాటు హైదరాబాద్ మలక్‌పేటలోని మా ఇంట్లో, హాలు మధ్య సూట్‌కేసు నోరు తెరుచుకునే ఉంది. పక్కనే కొక్కెం ఉన్న చేతి త్రాసు. ఆవిడ టికెట్టుకు పెద్ద పెట్టెలో 23 కిలోలు, చేతి సంచిలో 8 కిలోలు. కుక్కరు, చలికోటు, కందిపొడి, ఆవకాయ, సర్టిఫికెట్ల ఫైలు అన్నీ అందులోనే ఇమడాలి. పొద్దున లోపల పెట్టిన దుప్పటి సాయంత్రానికి బయటికి వచ్చేది. ఈ పోటీలో నా కానుక కూడా నెగ్గాలి కదా. ఆలోచించి ఆలోచించి ఫొటో పుస్తకం చేశాను. మొదటి ప్రయత్నంలో డబ్బు తగలేశాను, రెండోసారి కుదిరింది. మీ భార్యో భర్తో ఇలాగే దూరం వెళ్తుంటే, ఆ తగలేసిన డబ్బు మీకైనా పనికొస్తుందని పద్ధతి చెబుతున్నాను.

ఒక మాట ముందే అనుకుందాం. పెళ్లి ఫొటోలు ఎలాగూ ఫోనులో ఉన్నాయి. చుట్టాలందరూ చూశారు, మీరూ చూసి చూసి ఉన్నారు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో, ఒంటరి గదిలో కూర్చున్న మనిషికి తలంబ్రాల కంటే ముందు పోపుల డబ్బా గుర్తొస్తుంది. బాల్కనీలో ఆరేసిన తువ్వాలు, లిఫ్టు పాడైనప్పుడల్లా ఎక్కిన మెట్లు గుర్తొస్తాయి. పుస్తకంలోకి ఎక్కాల్సింది అవే. మిగతా సలహాలన్నీ ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి.

ముందు తూకం, తర్వాతే ప్రేమ

మన దగ్గర ఫొటో పుస్తకం కావాలని ఏ స్టూడియోకి వెళ్లినా పెళ్లి ఆల్బమ్ రకమే చూపిస్తారు. 12×18 అంగుళాల పేజీ, విప్పితే 36 అంగుళాల వెడల్పు, చిరగని షీట్లు, మందపాటి అట్ట, దానికో పెట్టె. చూడటానికి బాగుంటుంది, ఎత్తితే కిలోల్లో ఉంటుంది. మర్యాదగా వద్దని చెప్పి బయటికి వచ్చేయండి. విమానాశ్రయంలో త్రాసు ఎక్కువ చూపిస్తే మొదట బయటపడేది మీ పుస్తకమే. ఆవకాయ మాత్రం పడదు.

కాగితం బరువు లెక్క చాలా సులువు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. జిరాక్స్ కాగితం 70, 80 ఉంటుంది. ఫొటోలకు 170 జీఎస్ఎం ఆర్ట్ పేపరు సరిపోతుంది. వెనక పేజీ బొమ్మ ఇటు కనిపించదు, మడత దగ్గర విరగదు. 8×8 అంగుళాల ఆకు వైశాల్యం దాదాపు 0.041 చదరపు మీటర్లు. 170తో గుణిస్తే ఒక్కో ఆకు 7 గ్రాములు. 40 పేజీలంటే 20 ఆకులు, అంటే 140 గ్రాములు. గట్టి అట్టతో కలిపి నా పుస్తకం త్రాసు మీద 330 గ్రాములు తూగింది. అర కిలో పచ్చడి సీసాకు చాలా దిగువన. ఈ రహస్యంలో భాగస్వామి అయిన మా అత్తగారు లెక్కంతా విని, "అయితే ఇంకో పావు కిలో మాగాయ పడుతుంది కదా బాబూ" అన్నారు.

40 పేజీలు దాటకండి. అంతకు మించితే ఎంపిక చేయడం చేతకాలేదని అర్థం. ఖర్చు తగ్గాలనుకుంటే ఏ5 కొలత ఎంచుకోండి. డిజిటల్ ప్రెస్సుల్లో సాధారణంగా వాడే 13×19 అంగుళాల షీటుకు ఒక వైపు ఏ5 పేజీలు నాలుగు పడతాయి, 8×8 అయితే రెండే. అదే 40 పేజీలకు షీట్లు సగమే అవుతాయి. మంచం మీద పడుకుని ఒక చేత్తో పట్టుకోవడానికి కూడా ఏ5 హాయిగా ఉంటుంది. నేను నలుచదరం మీద మోజుతో 8×8 వేయించాను. అది నా బలహీనత, మీరు అనుసరించనక్కర్లేదు.

ఏ ఫొటోలు?

నేను మొదట చేసిన పని ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ ఉన్న మంచి ఫొటోలన్నీ ఒక ఫోల్డరులో పోయడం. రెండు వందలకు పైగా తేలాయి. అన్నింటిలోనూ ఇద్దరం కొత్త బట్టలు కట్టుకుని, కెమెరా వైపు తిరిగి, పళ్లు కనిపించేలా నవ్వుతున్నాం. పది చూశాక పదకొండోది చూడబుద్ధి కాలేదు. అప్పుడు ముఖాలు వదిలేసి, వాటి వెనక ఏముందో చూడటం మొదలుపెట్టాను. పుట్టినరోజు కేకు వెనక గోడ మీద క్యాలెండరు, అందులో పాల లెక్క కోసం చుట్టిన సున్నాలు. ఉగాది ఫొటోలో గుమ్మం పక్కన ఆవిడ పాత చెప్పులు, ఒకటి బోర్లా. అద్దె ఇంటి తాళం చెవులు మొదటిసారి చేతికొచ్చిన రోజు తీసిన ఫొటోలో ఖాళీ హాలు, మధ్యలో ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ. ఇలాంటివి కత్తిరించి పెద్దవి చేసి చూడండి. మీ ఫోనులోనే అసలు పుస్తకం దాక్కుని ఉంది.

తర్వాత, ఒక ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోను చేతిలో పెట్టుకుని కొత్త ఫొటోలు తీయండి. తలుపు గొళ్లానికి వేలాడే పాలప్యాకెట్ల సంచి. స్టవ్ మీద పొంగబోతున్న టీ. మిక్సీ జారు మూత మీద ఉన్న పగులు. సాయంత్రం ఇద్దరూ వెళ్లే హోటల్లో సాసరులోకి ఒలికిన ఇరానీ చాయ్, పక్కన కొరికిన ఉస్మానియా బిస్కెట్టు. మీ వీధి మలుపు, మీ మెట్రో స్టేషను మెట్లు, మీరిద్దరూ తప్ప ఎవరూ ఎక్కని బస్సు ఎక్కే స్టాపు. మనుషులు లేని ఫొటోలు కొన్ని తప్పనిసరిగా ఉండాలి. వాటిలో తనను తానే నిలబెట్టుకుంటుంది చదివే మనిషి.

చార్మినార్ ముందు నిలబడిన ఫొటో ఒకటి చాలు. 1591 నుంచి అక్కడే ఉంది, రెండేళ్లలో ఎక్కడికీ పోదు. గోల్కొండ, కేబుల్ వంతెన ఇంటర్నెట్‌లో మనకంటే బాగా తీసినవారివి దొరుకుతాయి. దానికి బదులు నాంపల్లి ఎగ్జిబిషన్‌లో, అదే నుమాయిష్‌లో, దుమ్ములో నిలబడి మిర్చీ బజ్జీకి ఊదుకుంటున్న ఫొటో పెట్టండి. నుమాయిష్ మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. సెప్టెంబరులో వెళ్లిన మనిషికి రెండు తప్పిపోయినట్టే.

నాకు అన్నింటికంటే నచ్చిన పేజీకి "పట్టుకెళ్లనివ్వనివి" అని పేరు పెట్టాను. మాంసం, పాల పదార్థాలు సంచిలో తీసుకురావడానికి ఐరోపా సమాఖ్య దేశాలు ఒప్పుకోవు. అంటే మటన్ పచ్చడి, నెయ్యి రెండూ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. వాటిని ఆ పేజీలో పెట్టాను. నెయ్యి గిన్నె, మటన్ పచ్చడి జాడీ, కుండీలో కరివేపాకు మొక్క, కింది వాటాలో వాళ్ల కుక్క, మా అత్తగారు. తన ఫొటో చూసి అత్తగారే ఎక్కువ నవ్వారు. ఈ పేజీ ఎవరికి వారు తయారుచేసుకోవచ్చు. మీ ఇంట్లో పెట్టెలో పట్టనివి ఏమున్నాయో రాసుకోండి, దానికదే నిండుతుంది.

కాగితాలనూ వదలకండి. మా ఆవిడ వీసా కోసం చిలుకూరు బాలాజీకి మొక్కుకుంది. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఆ 108 అంకెలున్న కార్డు మీద పెన్నుతో కొట్టుకుంటూ తిరుగుతారు కదా, ఆ కార్డు అలమరలో దొరికింది. దాన్ని స్కాన్ చేసి నిండు పేజీలో వేశాను. అందులో 63 మీద రెండుసార్లు గీత ఉంది, అంటే ఒక చుట్టు ఎక్కువ తిరిగిందో తక్కువ తిరిగిందో దేవుడికే తెలియాలి. సరుకుల చీటీ, మందుల చీటీ వెనక వేసిన లెక్కలు, ఫ్రిజ్ మీద అంటించిన "గ్యాస్ కట్టెయ్" అన్న కాగితం, ఇవన్నీ చేతిరాతలు. ఏ ఫొటో కంటే తక్కువ కాదు. బస్సు టికెట్లు, షాపు బిల్లులు మాత్రం నేరుగా అంటించకండి. కండక్టరు మిషనులోంచి వచ్చే కాగితం వేడికి నల్లబడే రకం, కొన్ని నెలల్లో అక్షరాలు ఎగిరిపోతాయి. ఈరోజే స్కాన్ చేసి అచ్చు వేయండి.

గుట్టు

రెండు గదుల ఇంట్లో రహస్యం దాచడం పుస్తకం చేయడం కంటే కష్టం. ఫోనులో ఇద్దరికీ ఒకే ఫొటోల ఖాతా ఉంటే అందులో కొత్త ఆల్బమ్ సృష్టించకండి, అవతలి ఫోనులో వెంటనే కనిపిస్తుంది. పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని ఆఫీసులో పని చేసుకోండి. డబ్బు ఉమ్మడి ఖాతాలోంచి కడితే మెసేజ్ ఆవిడకూ వెళ్తుంది, కాబట్టి నగదు ఇవ్వండి. కొరియరులో తెప్పిస్తుంటే చిరునామా ఇంటిది ఇవ్వకండి.

పాత ఫొటోల కోసం అటు వైపు బంధువులను అడగక తప్పదు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో మాత్రం అడగకండి. ఎవరో ఒక పిన్ని "ఎందుకు బాబూ?" అని అక్కడే అడుగుతుంది, కథ ముగుస్తుంది. నేను అత్తగారికి విడిగా ఫోను చేశాను.

"అత్తయ్యగారూ, తన చిన్నప్పటి ఫొటోలు ఏమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి బాబూ, బీరువాలో ఉన్నాయి. దానికి చెప్పమంటారా వెతకమని?"

"వద్దండీ. తనకు తెలియకూడదు."

అవతల కాసేపు మాట లేదు. "ఏం జరిగింది బాబూ?" అన్నారు గొంతు మార్చి. పుస్తకం సంగతి ముందే చెప్పి అడిగితే ఆ పెద్దావిడ ఆ అర నిమిషం కంగారుపడేది కాదు. మీరు ముందే చెప్పండి.

పాత ఆల్బమ్‌లలో జిగురు పేజీలకు అంటుకుపోయిన ఫొటోలను గోటితో లాగకండి, పైపొర ఊడి వస్తుంది. సన్నని గట్టి దారాన్ని ఫొటో కిందికి పోనిచ్చి, రెండు వైపులా పట్టుకుని రంపంలా మెల్లగా జరపండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్నవైతే అసలు ముట్టుకోవద్దు, అద్దంతోనే ఫొటో తీయండి. స్కానరు దొరికితే 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు పెట్టండి. 4×6 అంగుళాల ఫొటో 2400×3600 చుక్కలుగా వస్తుంది, అది నిండు పేజీకి చాలు. స్కానరు లేకపోతే కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫోను సమాంతరంగా పట్టుకుని తీయండి. ట్యూబులైటు ఆర్పేయండి, లేకపోతే మామగారి నుదుటి మీద తెల్ల గీత వస్తుంది.

చుక్కల లెక్క

అచ్చులో ఫొటో స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. 200 దాకా సర్దుకోవచ్చు. 8 అంగుళాల పేజీ నిండాలంటే 2400 చుక్కలు. మామూలు 12 మెగాపిక్సెల్ ఫోను ఫొటో 4000×3000 ఉంటుంది కనుక బెంగ లేదు. చిక్కంతా వాట్సాప్‌తోనే. మామూలుగా పంపిన ఫొటోను అది పొడవు వైపు 1600 దగ్గరికి కుదించేస్తుంది. 300తో భాగిస్తే అయిదు అంగుళాల చిల్లర. అంతవరకే వాడుకోండి, నిండు పేజీకి సాగదీయకండి. బావమరిదినో వదిననో ఫొటో అడిగినప్పుడు "డాక్యుమెంట్‌గా పంపండి" అని చెప్పండి, అసలు ఫైలు అలాగే వస్తుంది. ఎలా పంపాలో వాళ్లకు ఫోనులో వివరించడానికి పది నిమిషాలు పడుతుంది. ఓపిక పట్టండి.

ఒక రోజు, ఏళ్లు కాదు

పరిచయం, నిశ్చితార్థం, పెళ్లి, మొదటి పండుగ అంటూ సంవత్సరాల వరుసలో పేర్చడం అందరికీ తోచే పద్ధతి. చివరి పేజీకి వచ్చేసరికి అది వీడ్కోలులా కాకుండా పదవీ విరమణ సభ సంచికలా తయారవుతుంది. నేను పుస్తకాన్ని ఒకే రోజుగా పేర్చాను. పొద్దున ఐదున్నరకు మొదలై రాత్రి పదకొండుకు ముగుస్తుంది. ఎదురెదురు పేజీలు ఒక గంట. ఏడింటి పేజీలో 2019లో తీసిన టిఫిన్ బండి ఫొటో పక్కన పోయిన వారం తీసిన అదే బండి. ఏడింటికి ఇంట్లో ఏం జరుగుతుందో దానికి ఏ ఏడాదైనా ఒకటే.

ప్రతి గంట కింద రెండు గడియారాలు వేశాను. "ఇక్కడ 6:30, అక్కడ 2:00." జర్మనీ గడియారం మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారుతుంది. సెప్టెంబరులో వెళ్లిన మనిషి నెల రోజులకే ఆ మార్పు చూస్తుంది. అందుకే చలికాలం లెక్క వేశాను, అప్పుడే ఇల్లు ఎక్కువ గుర్తొస్తుంది. మీవారు వెళ్లేది అమెరికా అయితే ముందు ఏ ఊరో కనుక్కోండి, అక్కడ ఊరిని బట్టి వేళ మారుతుంది.

ఈ పద్ధతికి ఇంకో లాభం ఉంది. పేజీకి ఎన్ని ఫొటోలు అన్నది గంటే చెబుతుంది. ఎనిమిదింటి హడావిడికి చిన్న చిన్నవి ఆరు. మధ్యాహ్నం మూడింటికి ఒక్కటే, నిండుగా, ఖాళీ హాలు. నిండు పేజీ ఫొటోలు ఏడెనిమిది మించితే వాటి బలం పోతుంది.

కింద ఏం రాయాలి

కనిపిస్తున్నదాన్నే రాయకండి. తువ్వాలు ఫొటో కింద "మన బాల్కనీ" అని రాస్తే ఏం లాభం? నేను రాసింది ఇది: "ఈ తువ్వాలు ఎవరు తీయాలన్న దాని మీద 2021 వానాకాలమంతా పంతం. తువ్వాలు తడుస్తూనే ఉంది." మెట్ల ఫొటో కింద: "లిఫ్టు ఆగిన రోజు నువ్వు 54 అన్నావు, నేను 52 అన్నాను. ఇంకా తేలలేదు." ఫొటోకు అందనిది వాక్యంలో ఉండాలి.

ఇంట్లో ఎలా పిలుచుకుంటారో పుస్తకంలోనూ అలాగే పిలవండి. "ఏమండీ" అనుకునే ఇంట్లో పుస్తకం మాత్రం "ప్రియతమా" అని మొదలైతే పక్కింటివాళ్ల పుస్తకం పొరపాటున వచ్చిందనుకుంటారు. ఇంటర్నెట్‌లో దొరికే ప్రేమ సూక్తులు, పాటల పల్లవులు వద్దు. అవి రాసినవాళ్లకు మీ వంటిల్లు తెలియదు.

ఒక్క పేజీలో మాత్రం నిజం రాయండి. ఎక్కువ కాదు, రెండు వాక్యాలు. మా ఆవిడకు సీటు వచ్చినప్పుడు నేను వెంటనే సంతోషించలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, తర్వాత ఎప్పుడూ మాట్లాడుకోలేదు. రాత్రి పది గంటల పేజీలో ఫొటో ఏమీ పెట్టకుండా రాశాను: "వెళ్లొద్దని మూడుసార్లు అన్నాను. నాలుగోసారి అనకపోవడమే నేను చేసిన మంచి పని." ఈ పేజీ రాయడానికి మిగతా 39 పేజీలకు పట్టినంత సేపు పట్టింది.

గొంతులు కూడా చేర్చవచ్చు. కుక్కరు కూత, అమ్మమ్మ దీవెన, "పాత సామాన్లు కొంటాం" అని మైకులో అరుచుకుంటూ పోయే ఆటో, ఇలాంటివి ఫోనులో రికార్డు చేసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింకును క్యూఆర్ కోడ్‌గా మార్చి పేజీ మూలన వేయండి. రెండు సెంటీమీటర్ల కంటే చిన్నది వేయకండి. లింకు ఎవరైనా తెరవగలిగేలా పెట్టారో లేదో వేరే ఫోనుతో పరీక్షించండి. క్యూఆర్ తయారుచేసే ఉచిత సైట్లలో కొన్ని మధ్యలో తమ లింకు దూర్చి కొన్నాళ్లకు ఆపేస్తాయి. అసలు లింకే నేరుగా ఉన్న కోడ్ తీసుకోండి. రెండు మూడు చాలు, పుస్తకం చదవడానికి ఫోను పట్టుకునే పరిస్థితి రాకూడదు.

తెలుగు అక్షరాల గండం

నా డబ్బు పోయింది ఇక్కడే. ఫైలును ఇంట్లో యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే తెలుగు అక్షరాల పద్ధతిలో టైపు చేసి ఒక ప్రింటింగ్ షాపులో ఇచ్చాను. వాళ్లు అందులోంచి మాటలు తీసి తమ పాత సాఫ్ట్‌వేర్‌లో అతికించారు. పుస్తకం చేతికొచ్చాక తెరిచి చూస్తే ఒత్తులన్నీ అక్షరాల పక్కకు వచ్చి నిలబడ్డాయి. "స్టవ్" మూడు ముక్కలైంది. "బ్రష్" చదవడానికి ఊహాశక్తి కావాల్సి వచ్చింది. తప్పు సగం నాదే, నమూనా అడగలేదు.

మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ చాలామంది అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పని చేస్తారు. ఆ ఫాంట్లది వేరే లిపి అమరిక, యూనికోడ్‌తో పొసగదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో కూడా భారతీయ భాషల అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. కాబట్టి వాళ్లకు మాటలు ఇవ్వకండి, పేజీలు ఇవ్వండి. మీరే అంతా అమర్చి, ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేసి ఇస్తే వాళ్లు మార్చడానికి ఏమీ ఉండదు. కాన్వాలో చేయవచ్చు, లేదా డబ్బు పెట్టనక్కర్లేని లిబ్రెఆఫీస్‌లో చేయవచ్చు. పేజీ కొలతను మొదటే 8×8 అని పెట్టుకోండి, చివర్లో మారిస్తే అన్నీ చెదిరిపోతాయి. ఫాంట్లకు గూగుల్‌లో ఉచితంగా దొరికే మండలి చిన్న అక్షరాలకు బాగుంటుంది. రామభద్ర లావుగా ఉంటుంది, శీర్షికకే వాడండి. రెండు ఫాంట్లు మించితే పెళ్లి కార్డులా ఉంటుంది. పీడీఎఫ్ తయారయ్యాక ఫోనులో తెరిచి "స్త్రీ", "జ్ఞాపకం", "వస్త్రం" లాంటి మాటలు ఉన్న చోట పెద్దవి చేసి చూడండి.

ప్రెస్సు దగ్గర

ఒకటి రెండు కాపీలకు ఆఫ్‌సెట్ పనికిరాదు, ప్లేట్లకే ఖర్చయిపోతుంది. డిజిటల్ ప్రింటింగ్ అడగండి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల చుట్టూ జిరాక్స్ షాపులు లెక్కలేనన్ని ఉన్నాయి, కానీ వాళ్లకు ప్రాజెక్టు రిపోర్టుల స్పైరల్ బైండింగే అలవాటు. పెళ్లి కార్డులకు పేరుపడ్డ ఛత్తా బజారులో కాగితం రకాలు చేత్తో తాకి చూడవచ్చు, అందుకోసమైనా ఒకసారి వెళ్లండి. ఆజామాబాద్ వైపు పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులున్నాయి. ఒక్క కాపీ అనగానే కొందరు ముఖం తిప్పుకుంటారు, ఇంకో చోట అడగండి. ఆన్‌లైన్‌లో వేయించుకోవడం సుఖమే కానీ కాగితం ముందుగా చూడలేరు, కొరియరు ఆలస్యమైతే విమానం ఆగదు.

ఫైలు ఇచ్చే ముందు కొన్ని చూసుకోవాలి. పేజీ అంచు దాకా ఫొటో ఉంటే, దాన్ని అంచు దాటి 3 మిల్లీమీటర్లు బయటికి జరపండి. కోసేటప్పుడు కత్తి కాస్త అటూ ఇటూ అయినా తెల్ల గీత కనిపించదు. అక్షరాలను మాత్రం అంచుకు సెంటీమీటరు లోపలే ఉంచండి. బైండింగు వైపు 15 మిల్లీమీటర్లు వదలండి. నా మొదటి పుస్తకంలో రెండు పేజీల మీదుగా వేసిన ఫొటోలో ఆవిడ ముఖం సరిగ్గా మడతలో పడి ముక్కు మాయమైంది. మధ్యలో పిన్ను కొట్టే బైండింగు అయితే పేజీల సంఖ్య 4తో భాగించబడాలి. ఫోను తెర వెలుగుతుంది, కాగితం వెలగదు. అందుకే తెర మీద బాగున్న రాత్రి ఫొటోలు అచ్చులో బొగ్గులా వస్తాయి. వెలుగు కాస్త పెంచి ఇవ్వండి. అట్టకు మ్యాట్ లామినేషన్ చెప్పండి, నిగనిగలాడే రకం మీద వేలిముద్రలు పడతాయి.

ఇవన్నీ చేసినా రెండు పేజీల నమూనా తీయించకుండా వదలకండి. అన్నింటికంటే చీకటిగా ఉన్న ఫొటో పేజీ ఒకటి, తెలుగు ఎక్కువగా ఉన్న పేజీ ఒకటి. వాటిని ఎండలో నిలబడి చూడండి, షాపు ట్యూబులైటు కింద కాదు.

చివర నాలుగు పేజీలు ఖాళీగా ఉంచి, వాటిని మాత్రం మ్యాప్‌లితో కాగితం మీద వేయమనండి. ఆర్ట్ పేపరు మీద పెన్ను సిరా ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. మ్యాప్‌లితో నోటుపుస్తకం కాగితంలా పీల్చుకుంటుంది. ఆ పేజీలు అవతలి మనిషివి.

మొత్తానికి నెల రోజులు పెట్టుకోండి. ఫొటోలకు రెండు వారాలు, అమర్చడానికి ఒక వారం, నమూనాకూ అచ్చుకూ బైండింగుకూ ఒక వారం. ప్రయాణం దసరా ముందో, పెళ్లిళ్ల రోజుల్లోనో పడితే ఇంకో వారం కలుపుకోండి, ప్రెస్సులకు ఆ రోజుల్లో ఊపిరి ఆడదు.

ఎప్పుడు ఇవ్వాలి

శంషాబాద్ విమానాశ్రయంలో మాత్రం ఇవ్వకండి. టికెట్టు లేనివాళ్లను లోపలికి రానివ్వరు, గేటు బయట ట్రాలీ ఒక చేత్తో, పాస్‌పోర్టు ఇంకో చేత్తో, చుట్టూ పదిహేను మంది చుట్టాలు. అక్కడ ఇచ్చిన పుస్తకం ఎవరో ఒక బాబాయి చేతుల్లోకి వెళ్లి, ఆయన అందరికీ చూపిస్తూ పేజీలు తిప్పుతారు. పెట్టెలో రహస్యంగా దాచి పంపడం ఇంకో ఆలోచన, కానీ అక్కడ ఒంటరిగా తెరిచినప్పుడు పక్కన మీరు ఉండరు. ప్రయాణానికి రెండు రాత్రుల ముందు, పెట్టె మూసేశాక ఇవ్వండి. పుస్తకం మాత్రం చేతి సంచిలోకే వెళ్లాలి, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో. పెద్ద పెట్టెలో ఆవకాయ ఉంటుంది, ఆవకాయను నమ్మకూడదు.

రెండు కాపీలు వేయించండి. ఫైలు తయారయ్యాక రెండోదానికి శ్రమ లేదు. నేను నా కాపీని అలమరలో పెట్టి మరిచిపోయాను. ఆవిడ వెళ్లిన మూడో రోజు తీసి చూస్తే చివరి నాలుగు మ్యాప్‌లితో పేజీలూ నిండి ఉన్నాయి. ఎప్పుడు రాసిందో తెలియదు. కరివేపాకు మొక్కకు రోజు విడిచి రోజు నీళ్లు. మిక్సీ జారులో సగానికి మించి వేయొద్దు, మూత పగిలి ఉంది. పాలవాడికి పోయిన నెల 40 రూపాయలు బాకీ. చివర్న, గీత గీసి, దాని కింద: "మెట్లు 54. వెళ్లే ముందు మళ్లీ లెక్కపెట్టాను."